ఇస్సాక్ కట్టిన బ్యాటరీ

మా అబ్బాజాన్ పేరు ఇస్సాక్. విజయవాడ ఆటోనగర్‌లో లారీల సెల్ఫ్ మోటార్లు బాగుచేసేవాడు. డ్రైవరు తాళం తిప్పినప్పుడు ఇంజనును కదిలించి లేపేది ఆ మోటారే. అది మొరాయిస్తే ఎంత లారీ అయినా పదిమంది తోస్తే తప్ప కదలదు. అలాంటి మోటార్లు గుడివాడ నుంచి, ఏలూరు నుంచి, హనుమాన్ జంక్షన్ నుంచి గోనెపట్టాల్లో చుట్టుకుని మా షెడ్డుకు వచ్చేవి. అబ్బాజాన్ విప్పి, తుడిచి, కాలిపోయిన రాగితీగ లాగేసి కొత్తది చుట్టి, ఒక పెద్ద బ్యాటరీకి తగిలించి గిర్రున తిప్పి చూపించేవాడు.

"ఇంక నాదీ పూచీ. తీసుకెళ్ళు," అనేవాడు.

ఆటోనగర్ వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. వస్తువు చేతికి వచ్చిందంటే విప్పి చూడాల్సిందే. విప్పడానికి వీల్లేని వస్తువు వాళ్ళ దృష్టిలో సగం మోసం. కంపెనీ బోల్టు దొరక్కపోతే లేతు మీద కోయించుకుంటారు. కంపెనీ స్ప్రింగు దొరక్కపోతే వేరే బండి స్ప్రింగు కత్తిరించి పెట్టుకుంటారు. బండి నడుస్తుంది. నడిచినప్పుడల్లా "మనోళ్ళు చెయ్యలేనిదేముందిరా" అనుకుంటారు. అబ్బాజాన్ ఆ మాట తను అనేవాడు కాదు గాని, ఎవరైనా అంటే ఆయన ముఖం వెలిగేది.

మా షెడ్డులో సగం శౌరయ్య పెదనాన్నది. ఆయన గేరుబాక్సు మేస్త్రీ. వయసులో పెద్ద కాబట్టి అబ్బాజాన్ ఆయన్ని "అన్నా" అనీ, ఆయన భార్య ఎలిజబెత్‌ను "వదినా" అనీ పిలిచేవాడు. పెదనాన్న మాత్రం అబ్బాజాన్‌ను పేరుతో పిలిచింది తక్కువ. "ఏం సాయిబూ" అనేవాడు. అమ్మీ చనిపోయాక ఎనిమిదో తరగతి మధ్యలో నా బడి ఆగిపోయింది. పొద్దున్నే వంట ముగించి, క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళి, సాయంత్రం దాకా మూలనున్న స్టూలు మీద కూర్చుని రాగితీగ చుట్టలు సర్దుతుండేదాన్ని. పెదనాన్న క్యారేజీ మూత తీసి చూసేవాడు.

"ఏమే హఫ్సా, ఇవాళ కూడా గోంగూరేనా? మీ నాన్న చేత తోట గాని వేయించావా ఏంటి?"

నేను తల వంచుకుని నవ్వేదాన్ని. పెదనాన్నకూ ఎలిజబెత్ పెద్దమ్మకూ పిల్లలు లేరు.

2003 వానాకాలంలో పెదనాన్నకు గుండెపోటు వచ్చింది. గేరుబాక్సు మూత బిగిస్తూ బిగిస్తూ స్పానరు వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అబ్బాజాన్ ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. బతికాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఎలిజబెత్ పెద్దమ్మను పక్కకు పిలిచి, గుండె బాగా దెబ్బతిందనీ, ఉన్నట్టుండి ఎప్పుడైనా ఆగిపోవచ్చనీ, బరువులెత్తే పని మానిపించమనీ చెప్పాడు.

మైలవరం దగ్గర పెద్దమ్మ అన్నకు మామిడితోట ఉంది. బావ వచ్చి కూలీలను చూసుకుంటూ నీడపట్టున కూర్చుంటే చాలని ఆయనే కబురు చేశాడు. పెద్దమ్మ పటమటలో అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడానికి సిద్ధమైంది. పెదనాన్న కాలేదు.

"మామిడిచెట్లకి గేర్లుంటాయటే? అక్కడ నేనేం చెయ్యను, కాయలకి ఫస్టు గేరూ సెకండు గేరూ వెయ్యనా?"

"ఏమీ చెయ్యొద్దు. ఊపిరి పీలుస్తూ కూర్చో. అదే నీ పని."

"బావమరిది తోటలో కూర్చుని తింటుంటే ఊపిరి కూడా ఆడదే నాకు."

పెద్దమ్మ అబ్బాజాన్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మరిదీ. నీ మాటైతే వింటాడు."

అబ్బాజాన్ ఆ మాట దాటేసి టీ గ్లాసు కింద పెట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే షెడ్డు. పెదనాన్న వెళ్ళడం ఆయనకూ ఇష్టం లేదు. నేను వాళ్ళ వంటింట్లో గ్లాసులు కడుగుతూ చూశాను. పెదనాన్న కన్ను గీటాడు. అబ్బాజాన్ తల తిప్పుకున్నాడు.

మరుసటి ఏడు మా వీధిలో టైర్ల షాపు యజమాని ఒకాయన కుర్చీలోంచి పక్కకు ఒరిగి, ఆస్పత్రికి చేరేలోపే దారిలో పోయాడు. అంతకు ముందు ఒక వెల్డరూ ఒక పెయింటరూ అలాగే పోయారు. అప్పుడు పూలదండతో సరిపెట్టారు. ఇప్పుడు పోయింది యజమాని కాబట్టి వీధంతా కదిలింది. మా వీధి వర్క్‌షాపుల సంఘానికి వెంకటప్పయ్య గారు అధ్యక్షుడు. ఆయనది లారీ బాడీలు కట్టే పెద్ద షెడ్డు. గుండె ఆగినవాళ్ళకు షాకు ఇచ్చి బతికించే చిన్న మిషను ఒకటుందనీ, డాక్టరు లేకపోయినా ఎవరైనా వాడొచ్చనీ, హైదరాబాదులో పెద్ద హోటళ్ళలో పెడుతున్నారనీ ఆయన అల్లుడు చెప్పాడట. సంఘం ఒకటి కొనాలని నిర్ణయించింది. ఏది కొనాలో తేల్చడానికి, కరెంటు సంగతి తెలిసినవాడని అబ్బాజాన్‌ను పిలిచారు.

ఈ కబురు విని పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది.

"ఆ మిషనేదో సరిగ్గా చూసి చెప్పు మరిదీ. దాన్ని నమ్మొచ్చు అంటే ఇక్కడే ఉంటాం. లేదంటావా, ఈ నెలలోనే మైలవరం బండెక్కిస్తా ఆయన్ని. తిట్టుకుంటే తిట్టుకోనీ."

అలా ఆ మిషను ఎంపికా, పెదనాన్న ఇక్కడ ఉండటమా పోవడమా అన్నదీ ఒకటైపోయాయి.

కంపెనీ నుంచి తారిక్ అనే అబ్బాయి రెండు పెట్టెలు పట్టుకుని వచ్చాడు. సంఘం గదిలో బల్ల మీద పెట్టాడు. అబ్బాజాన్‌కు మంచినీళ్ళ సీసా ఇచ్చే నెపంతో నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. మనిషి కూలిపోయినప్పుడు చాలాసార్లు గుండె ఒకేసారి ఆగిపోదనీ, అదుపు తప్పి వణుకుతూ ఉంటుందనీ, ఆ వణుకులో రక్తాన్ని తొయ్యలేదనీ తారిక్ చెప్పాడు. వెంటనే షాకు ఇస్తే వణుకు ఆగి గుండె మళ్ళీ తన దారిన కొట్టుకోవచ్చు. ఛాతీ మీద రెండు అట్టలు అంటిస్తే చాలు, షాకు కావాలో వద్దో మిషనే చూసి చెబుతుంది. షాకుకు ముందూ వెనుకా ఎవరో ఒకరు రెండు చేతులతో ఛాతీని గట్టిగా నొక్కుతూనే ఉండాలి.

చూపించడానికి ఒక మనిషి కావాలన్నాడు. పెదనాన్న చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు.

"నిజంగా షాకు కొట్టేవు బాబూ. నాకింకా లారీలు డెలివరీ ఇవ్వాల్సినవి ఉన్నాయి."

"బాగున్న గుండెకి కొట్టదండీ. కొట్టమన్నా కొట్టదు."

"అయితే మా ఆవిడ కంటే నయం."

గదంతా నవ్వింది. మిషను ఇంగ్లీషులో ఒక ఆడగొంతుతో మాట్లాడింది. "దొరసానిరోయ్," అన్నాడు పెదనాన్న. తారిక్ ఒక్కో మాటకూ అర్థం చెప్పాడు. అట్టలు అంటించండి. చూస్తున్నాను, ఎవరూ తాకొద్దు. షాకు కావాలి, ఛార్జి అవుతోంది. ఇప్పుడు బటన్ నొక్కండి. నాకు ఆ మాటలు వరసగా గుర్తుండిపోయాయి.

మొదటి పెట్టె కొత్తది. నున్నగా, ఎక్కడా స్క్రూ కనపడకుండా ఉంది. దాని బ్యాటరీకి సీలు ఉంది. నాలుగేళ్ళో అయిదేళ్ళో వస్తుంది, అయిపోతే పారేసి కంపెనీది ఇంకోటి వెయ్యాలి.

"ఇది రోజూ తన్ను తనే పరీక్ష చేసుకుంటుందండీ," అన్నాడు తారిక్. "లోపలికి కరెంటు లాగి చూసుకుంటుంది. బాగుంటే ఈ పచ్చలైటు ఉంటుంది. ఏదైనా తేడా వస్తే కూత పెడుతుంది. మీరేమీ చెయ్యక్కర్లేదు."

అబ్బాజాన్ దాన్ని తిరగేసి చూశాడు. "తెరిచేది ఎట్టా?"

"తెరవకూడదండీ."

"తెరవకుండా బాగుచేసేది ఎట్టా?"

"ఇక్కడ చెయ్యరండీ. హైదరాబాదు పంపిస్తే వాళ్ళే చూస్తారు."

"అది హైదరాబాదు పోయి వచ్చేదాకా మా శౌరయ్యని ఆగమని చెప్పమంటావా?"

ఈసారి గదంతా ఇంకా గట్టిగా నవ్వింది. తారిక్ కూడా నవ్వాడు, ఎర్రబడుతూ.

రెండోది విదేశాల్లో ఏదో ఆఫీసులో వాడి తీసేసినది. శుభ్రం చేసి, సరిచూసి అమ్ముతున్నారు. దాని బ్యాటరీ పక్కనుంచి జారి బయటికొస్తుంది. ఛార్జరు ఉంది. వెనక స్క్రూలు ఉన్నాయి. ఖరీదు సగం కంటే తక్కువ. అబ్బాజాన్ బ్యాటరీని బయటికి లాగి, దాని రాగి నాలుకల మీద బొటనవేలు ఆనించి, మళ్ళీ లోపలికి తోశాడు. టక్కున పడింది. ఇలాంటి చప్పుడు ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

"దీన్ని మనుషులే చూసుకోవాలండీ," అన్నాడు తారిక్. "మీరు మర్చిపోతే అది గుర్తు చెయ్యదు. రెండేళ్ళకి బ్యాటరీ మార్చాలి. కంపెనీదే వెయ్యాలి."

"మర్చిపోడానికి మేమేమైనా ఆఫీసర్లమా?" అన్నారు వెంకటప్పయ్య గారు. "చెప్పు ఇస్సాకూ. నీదే మాట."

"రెండోదే అండీ. సీలు వేసింది ఎప్పుడు చచ్చిందో వాడు చెబితే తప్ప మనకి తెలియదు. దీన్నైతే నేను చూసుకుంటా."

ఆ సాయంత్రమే పటమట వెళ్ళాం. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నమ్మొచ్చా?"

"ఆస్పత్రే మన షెడ్డులోకి వచ్చిందనుకో వదినా. మిషను నా దగ్గరే ఉంటుంది. నాదీ పూచీ."

"నీ పూచీ మీదే ఉంటున్నాం మరిదీ," అంది పెద్దమ్మ. మైలవరం అన్నకు ఫోను చేసి, ఈ ఏడుకు రావడం లేదని చెప్పింది.

మిషను వచ్చిన రెండో రోజే అబ్బాజాన్ విప్పాడు. ఆ స్క్రూలకు సరిపడేలా ఒక స్క్రూడ్రైవరు మొన అరగదీసుకున్నాడు. లోపల చూసి, ఏదీ కదపకుండా మూసేశాడు. ప్రతి శుక్రవారం నమాజుకు వెళ్ళేముందు ఛార్జింగు పెట్టేవాడు. దుమ్ము పడకుండా అమ్మీ పాత దుపట్టా ఒకటి కప్పి ఉంచేవాడు. ఒక్క వారం కూడా తప్పలేదు. ఆయన నిర్లక్ష్యం చేశాడని తర్వాత అన్నవాళ్ళున్నారు. అది అబద్ధం. నేను అక్కడే కూర్చుని చూశాను.

పెదనాన్న మెల్లగా పాత పనిలోకి వచ్చేశాడు. మొదట కూర్చుని చెప్పేవాడు, తర్వాత ఒక చెయ్యి వేసేవాడు, చివరికి గేరుబాక్సు కింద భుజం పెట్టేదాకా వచ్చాడు. ఎవరైనా వద్దంటే మిషనున్న మా వైపు గోడకేసి చూపించేవాడు. "మా సాయిబు కొత్త గుండె తెచ్చి పెట్టాడుగా, భయమేముంది?"

2006 చివరికి ఆ బ్యాటరీలో ఛార్జి నిలబడటం మానేసింది. అబ్బాజాన్ తారిక్‌కు ఫోను చేయించాడు. అతను ఆ కంపెనీలో లేడు. కొత్తవాళ్ళు ఆ రకం ఇప్పుడు తాము తేవడం లేదన్నారు. బ్యాటరీ బయటి దేశం నుంచి తెప్పించాలి, ఆలస్యమవుతుంది, ఖర్చూ ఎక్కువే అన్నారు. అబ్బాజాన్ వెళ్ళి సంఘంలో చెప్పాడు. కంపెనీది తెప్పిద్దామనే చెప్పాడు. ఆ రోజు క్యారేజీ పట్టుకుని నేను గుమ్మం బయటే ఉన్నాను.

వెంకటప్పయ్య గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఏంటయ్యా ఇస్సాకూ, నువ్వేనా ఈ మాటనేది? బెజవాడ ఆటోనగర్లో కూర్చుని బ్యాటరీకి ఫారిన్ పోతామా? రేపు ఈ సంగతి బయట తెలిస్తే మన పరువేం గాను?"

"అది మనుషులకి సంబంధించింది గదండీ."

"నీ దగ్గరికొచ్చే లారీల్లో మనుషులు లేరా? మోటారు చుట్టేవాడికి ఇదో లెక్కా? మనోళ్ళలో నీ చెయ్యి ఎవరికుందయ్యా!"

అందరూ అవునవునన్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. అబ్బాజాన్ ముఖం వెలిగింది. నేను తలుపు సందులోంచి చూశాను. ఆ వెలుగు చూస్తే నాకెందుకో భయం వేసింది.

ఒక ఆదివారం పొద్దున షెడ్డులో కూర్చుని ఆయన ఆ పాత బ్యాటరీ పై డొప్పను చీల్చాడు. లోపల సెల్లులు వరసగా పేర్చి ఉన్నాయి. గవర్నర్‌పేటలో రేడియో సామాన్ల కొట్లన్నీ తిరిగి, సరిగ్గా అదే సైజు సెల్లులు తెచ్చాడు. కార్డ్‌లెస్ ఫోన్లలో వాడేవట. ఇంతకంటే గట్టివి ఉన్నాయా అని అడిగాడట, లేవన్నారట. ఒక్కోదాన్నీ సోల్డరింగు చేసి, టేపు చుట్టి, డొప్పలో పెట్టి అంటించాడు. చూడటానికి కంపెనీదానికంటే నీటుగా ఉంది. మీటరు పెట్టి చూస్తే ఓల్టులు సరిగ్గా ఉన్నాయి. మిషనులోకి తోసి బటన్ నొక్కాడు. లైటు వెలిగింది. ఆడగొంతు మాట్లాడింది.

పెదనాన్న పక్కనే స్టూలు వేసుకుని చూస్తున్నాడు. "లేచింది దొరసాని. నా ప్రాణాన్ని నువ్వే సోల్డరింగు చేస్తున్నావు సాయిబూ, గట్టిగా వెయ్యి."

"లోడు మీద చూడాలన్నా. షాకు పుట్టేదాకా వెళితేనే తెలిసేది."

"చూడు మరి."

"మనిషి లేకుండా అక్కడిదాకా పోదు. బాగున్న మనిషికి కొట్టదు."

"కొంపదీసి నన్ను పడుకోమంటావా ఏంటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అబ్బాజాన్ మాత్రం కాసేపటి దాకా ఆ మిషను వైపే చూస్తూ కూర్చున్నాడు. బాగుచేసిన ప్రతి మోటారునూ తిప్పి చూపించి ఇచ్చినవాడు. తిప్పి చూడకుండా ఆయన చేతిలోంచి వెళ్ళిన వస్తువు అదొక్కటే.

సంక్రాంతి వెళ్ళాక పెద్దమ్మ మళ్ళీ మైలవరం మాట ఎత్తింది. "రెండేళ్ళకి బ్యాటరీ మార్చాలన్నావుగా మరిదీ. మార్చారా?"

"మార్చా వదినా. నేనే కట్టా."

"నువ్వు కట్టావా?" అంది పెద్దమ్మ. ఆమె ముఖం తేటపడింది. "అయితే ఇంకేం."

మార్చి నెలాఖరు. అప్పటికే ఎండ ముదిరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న ఒక గేరుబాక్సును జాకీ మీద నుంచి పక్కకు జరుపుతూ, "ఒరే సాయి..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. మోకాళ్ళ మీద కూలి పక్కకు పడిపోయాడు.

అబ్బాజాన్ ఒక్క అంగలో మిషను దగ్గరికి వెళ్ళాడు. దుపట్టా లాగిపారేశాడు. పెదనాన్న చొక్కా చింపి, అట్టలు అంటించాడు. ఎలా చెయ్యాలో ఆయన ఎన్నిసార్లో అనుకుని ఉంటాడు. మిషను మాట్లాడింది. ఎవరూ తాకొద్దంది. అప్పటికే షెడ్డు నిండా జనం. అందరూ వెనక్కి జరిగారు. తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అదే వచ్చింది. షాకు కావాలి, ఛార్జి అవుతోంది. సన్నటి కూత ఒకటి మొదలై పైకి పోసాగింది. ఇక బటన్ నొక్కమంటుంది. ఆ మాట రాలేదు. కూత సగంలో తెగిపోయింది. లైటు ఆరిపోయింది.

ఒక క్షణం ఆగి లైటు మళ్ళీ వెలిగింది. అదే గొంతు, ఏమీ జరగనట్టు, మొదటి మాట దగ్గర నుంచి మొదలుపెట్టింది. అట్టలు అంటించండి.

మళ్ళీ అంతే అయింది. ఛార్జి దాకా వెళ్ళడం, ఆరిపోవడం, మళ్ళీ మొదలు. రెండోసారికి అబ్బాజాన్ మొహం చూశాను. ఏం జరిగిందో ఆయనకు అర్థమైపోయింది. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయిగా, సెల్ఫ్ ఎందుకు తిరగదు అని అడిగే డ్రైవర్లకు ఆయన రోజూ విసుగు లేకుండా చెప్పే సంగతే అది. లైటు వెలగడానికి కాస్త కరెంటు చాలు, ఇంజనును లేపాలంటే ఒక్కసారిగా బోలెడంత కావాలి, బలం లేని బ్యాటరీ అక్కడ కూలబడుతుంది అని. ఆటోనగర్ మొత్తంలో ఈ సంగతి ఆయన కంటే బాగా తెలిసినవాడు లేడు.

అంతమందిలో ఒక్కరు కూడా పెదనాన్న ఛాతీ మీద చెయ్యి వెయ్యలేదు. నొక్కుతూనే ఉండాలని తారిక్ చెప్పింది ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ మిషను వైపే చూస్తున్నారు, అది ఏం చెబుతుందా అని. వెంకటప్పయ్య గారి కారు వచ్చేసరికి పెదనాన్న పెదవులు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో చూసి, తీసుకెళ్ళమన్నారు.

అబ్బాజాన్ ఆ డాక్టరును వదల్లేదు. "షాకు తగిలి ఉంటే బతికేవాడా అండీ?"

"తగిలినా అందరూ బతకరు."

"ఈయన?"

"చెప్పలేనండీ. బతికుండొచ్చు. ఉండకపోవచ్చు."

"మీరు డాక్టరు గదండీ. ఏదో ఒకటి చెప్పండి."

డాక్టరు ఆయన భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే సంఘం కూర్చుంది. అబ్బాజాన్‌ను పిలిచారు. ఈసారి కుర్చీ వెయ్యలేదు.

"కంపెనీ బ్యాటరీ వెయ్యాలని ఆ అబ్బాయి ఆ రోజే చెప్పాడు. అందరం విన్నాం," అన్నారు వెంకటప్పయ్య గారు. "సొంత తెలివి ఉపయోగించమని ఎవరన్నారు నిన్ను?"

అబ్బాజాన్ ఆయన కళ్ళలోకి చూశాడు. ఒక్కొక్కరినే చూశాడు. చప్పట్లు కొట్టినాయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"నేనే కట్టానండీ," అన్నాడు అబ్బాజాన్.

సంఘం మళ్ళీ డబ్బు పోగుచేసి, స్క్రూలు లేని, పచ్చలైటున్న మిషను కొంది. దాన్ని వెంకటప్పయ్య గారి ఏసీ గదిలో గోడకు బిగించారు. పక్కన పెదనాన్న ఫొటో పెట్టి, ఆయన జ్ఞాపకార్థం అని రాయించారు. పేపరు వాళ్ళు వచ్చారు. మా షెడ్డులో పెదనాన్న సగంలోకి రేడియేటర్లు అతికేవాళ్ళు దిగారు. డ్రైవర్లకు ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో తెలియదు. మోటార్లు రావడం తగ్గింది.

పెద్దమ్మ పటమట ఇల్లు ఖాళీ చేసి మైలవరం వెళ్ళిపోయింది. సమాధి దగ్గర ఆమె మాతో మాట్లాడలేదు. జ్ఞాపకార్థ పూజకు అబ్బాజాన్ చర్చి దాకా వెళ్ళి, గేటు బయట నిలబడి తిరిగొచ్చాడట. మే నెలలో ఒక రోజు పొద్దున్నే నన్ను బయల్దేరమన్నాడు. పెదనాన్న స్పానర్లన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గోనెసంచిలో కట్టాడు. బస్సులో మైలవరం వెళ్ళి, అక్కడి నుంచి తోటకు నడిచాం.

కోతలు జరుగుతున్నాయి. రేకుల పాక కింద పెద్దమ్మ నలుగురు కూలీ ఆడవాళ్ళతో కూర్చుని కాయలు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. నన్ను మాత్రం, "ఎండన పడొచ్చావు, కుండలో నీళ్ళున్నాయి తాగు," అంది.

అబ్బాజాన్ సంచి దించాడు. "అన్న స్పానర్లు వదినా."

"ఇక్కడ ఎవరు వాడతారు? చెట్లకి బిగిస్తానా?"

పెదనాన్న మాట లాగే ఉంది అది. అలా అనిపించి కాబోలు ఆమె చేతిలోని కాయ కింద పెట్టింది. తర్వాత అంది.

"మిషను పని చేస్తే బతికేవాడు, చేసినా బతికేవాడు కాదు, ఇట్టా వచ్చినవాళ్ళంతా నాకు చెబుతున్నారు మరిదీ. ఆ లెక్క నాకు అక్కర్లేదు. అది అసలు లేకపోతే ఆయన మూడేళ్ళ కిందటే ఈ పాకలో ఉండేవాడు. నన్ను తిట్టుకుంటూ ఉండేవాడు. ఉండేవాడా కాదా?"

"ఉండేవాడు వదినా."

"నువ్వు కట్టానంటే నేను ఇంకో మాట అడగలేదు. తిప్పి చూసుంటే అది అట్టా ఆగేది కాదు. దాన్ని నువ్వు తిప్పి చూడలేదని నాకు చెప్పావా?"

"చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

కూలీ ఆడవాళ్ళు ఏరడం ఆపి చూస్తున్నారు.

"చెబితే అన్నని తీసుకెళ్ళిపోతావని," అన్నాడు అబ్బాజాన్.

పెద్దమ్మ తల ఊపింది. ముందే తెలిసిన సంగతి విన్నట్టు. ఏడవలేదు.

"తిట్టు వదినా," అన్నాడు అబ్బాజాన్. "తిడతావనే వచ్చా. నలుగురి ముందూ తిట్టు."

"తిట్టను. తిడితే నీకు తేలికైపోతుంది. ఆ మేలు నేను చెయ్యను."

ఆమె బుట్ట దగ్గరికి లాక్కుని ఏరడం మొదలుపెట్టింది. దెబ్బతిన్న కాయలు ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు. మేము ఇంకాసేపు నిలబడ్డాం. ఆమె మళ్ళీ తల ఎత్తలేదు. అబ్బాజాన్ వంగి సంచి భుజానికెత్తుకున్నాడు.

రోడ్డు దాకా నడిచాం. స్పానర్ల బరువుకు ఆయన ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు. సంచికి ఒక వైపు నేను పట్టుకుంటానంటే వద్దన్నట్టు తల ఆడించాడు. బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కడికని అడిగాడు. అబ్బాజాన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కండక్టరు రెండోసారి గట్టిగా అడిగాడు. బస్సులో వాళ్ళంతా మా వైపు తిరిగారు.

"విజయవాడకి రెండండీ," అన్నాను నేను.